ప్లాంటు మబ్బు

ఏడో మెట్టు మీద ఆగిపోయాను, ఎందుకంటే పైనుంచి నవ్వు వినబడింది, అది చిన్నమ్మలు నవ్వు. ముందు నమ్మలేదు. పక్కింటి టీవీ అనుకున్నాను, వెనక సందులో ఆడవాళ్లెవరో అనుకున్నాను. కానీ ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద పడుకున్నవాడికి పెళ్లాం నవ్వు తెలియదా? ముందు ముక్కులోంచి బుస్సుమని గాలి వదులుతుంది, తర్వాత గొంతులో పట్టుకుంటుంది, ఇక పట్టుకోలేక వదిలేస్తుంది. సెప్టెంబరు నుంచి ఈ ఇంట్లో ఆ నవ్వు లేదు. ఇవాళ డిసెంబరు పది, సాయంత్రం నాలుగున్నర. పిండిమర దగ్గర పని తొందరగా అయిపోయి ఇంటికొస్తే మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మడతపెట్టి ఉంది. బాత్‌రూము చూశాను, వంటిల్లు చూశాను, పడిపోయిందేమోనని కుట్టు మిషను వెనక వంగి కూడా చూశాను. అప్పుడు ఇంటి పక్కనుంచి డాబా మీదికి పోయే ఈ ఇనప మెట్ల వైపు పరుగెత్తాను. ఆరు మెట్లు ఎక్కి ఏడోదాని మీద కాలు పెట్టేసరికి నవ్వు. ఆ నవ్వు వెనకే మగగొంతు. పరంజ్యోతి గాడు.

నలభై రోజులుగా బతిమాలుతున్నాను నేను. డాబా మీదికి రాయే, ఎండ తగుల్తాది, ఒళ్లు గట్టిపడతాది అంటే గోడవైపు తిరిగి పడుకునేది. నన్నొగ్గేయ్ బావా, పదిహేడు మెట్లు నావొల్ల కాదు అనేది. ఎత్తుకుని తీసుకెళ్తానన్నాను ఒకసారి, నిజంగానే అన్నాను, దానికి "నీ మోకాళ్లే ఊగుతన్నాయి, నన్నెత్తుకుంటాడట" అని కళ్లు మూసుకుంది. ఆ పదిహేడు మెట్లూ ఇవాళ వాడి కోసం ఎక్కింది. ఎలా ఎక్కింది? వాడు చెయ్యి పట్టుకున్నాడా, నడుం చుట్టూ చెయ్యి వేశాడా, లేకపోతే వాడే ఎత్తుకున్నాడా, వాడికేం, యాభై నాలుగొచ్చినా పొద్దున్నే సివిక్ సెంటర్ దాకా నడుస్తాడు, వాడి మోకాళ్లు ఊగవు, ముప్పై నాలుగేళ్లు కుర్చీలో కూర్చున్న మోకాళ్లు ఎందుకు ఊగుతాయి? మెట్టు కమ్మీ చల్లగా ఉంది, గట్టిగా పట్టుకున్నాను. పైకి పోలేను, కిందికి దిగలేను. నా ఇంటి మెట్ల మీద నేను దొంగలా నిలబడ్డాను.

టంగ్‌మని గంట మోగింది. చిన్నది, ఫోన్లోంచి వచ్చే గంట. అదే, ఆ మబ్బుల ఆట. రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్న వాడి కూతురు డైసీ ఫోన్లో వేసిచ్చిందట. పోయిన ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కుని చిన్నమ్మలుకి వివరించాడు, నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఫోను ఆకాశానికి చూపించాలి. తెరమీద ఒక మబ్బుని ఎంచుకుని దాన్ని వేలితో రుద్దుతూ ఉండాలి. రుద్దినంతసేపూ అది పలచబడుతుంది, ఆపితే మళ్లీ చిక్కబడుతుంది. పైన నిజం మబ్బు కూడా కరిగిపోతే అప్పుడు గంట మోగుతుంది, ఒక బొమ్మ ముసలాయన టోపీ తీసి, ఆకాశం తుడిచిపెట్టినందుకు శుక్రియా అని దండం పెడతాడు. చదువుకున్నవాళ్లు ఇలాంటివి తయారుచేస్తారు. చిన్న మబ్బు ఏదైనా పావుగంటలో దానంతటదే కరిగిపోతుంది, ఆ మాత్రం పశువులు కాసేవాడికి కూడా తెలుసు. వీళ్లు దానికి గంట కట్టారు. నా ఫోను బటన్ల ఫోను. దాంట్లో మబ్బులూ లేవు, ముసలాయనా లేడు, టార్చి ఒకటుంది. ఆదివారం వాడు వెళ్లిపోయాక చిన్నమ్మలు కిటికీవైపు చూస్తూ పడుకుంది, అంతకుముందు గోడవైపు చూసేది, ఆ తేడా నాకు తెలిసింది, తెలిసి కూడా ఊరుకున్నాను.

వేలితో రుద్దాలి కదా, ఏ వేలితో? అదీ అసలు సంగతి. పక్షవాతంతో దాని కుడిచెయ్యి పోయింది. సెప్టెంబరు పదకొండున మధ్యాహ్నం, ఎవరిదో పట్టు జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ గీస్తూ, సుద్ద జారిపోయింది బావా అంది, వంగి తియ్యబోయి అలాగే పక్కకి ఒరిగిపోయింది. మూతి నెలకి సర్దుకుంది, కాలు ఈడ్చుకుంటూ అయినా నడుస్తోంది, చెయ్యే రాలేదు. స్టీలు ప్లాంటు గోడ పక్కనున్న మా ఖుర్సీపార్‌లో తెలుగు ఆడవాళ్లలో సగం మంది ఒంటి కొలతలు ఆ చేతికి నోటికొచ్చు, టేపు పెట్టకుండానే కత్తెర పెట్టేది, పెళ్లిళ్ల రోజుల్లో మా వరండాలో నిలబడ్డానికి చోటుండేది కాదు. ఆ చేతిని ఇప్పుడు ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో పిల్లని చూసుకోమని ఇచ్చి వెళ్లినట్టు చూస్తుంది. మొదటి మూడు నెలల్లో ఎంత వస్తే అంతేనండీ, తర్వాత కష్టం, అని ఫిజియోథెరపీ మేడమ్ మొదటి రోజే చెప్పింది. రేపటికి మూడు నెలలు. మెత్తటి బంతి కొనమంది, కొన్నాను. రోజుకి వందసార్లు నొక్కించమంది. నొక్కవే, నొక్కవే అని నేను వెంటపడితే పదో రోజున ఎడం చేత్తో తీసి నా మొహాన కొట్టింది. భుజంతో కాదు, వేలితో కదపమనండి, అని మేడమ్ అంటుంది. ఎవరు అంటారు దానితో? నేనంటే తిడుతున్నట్టుంటుందట. మా అమ్మాయి పద్మశ్రీ ఫోన్ చేసి, పప్పా, ప్యార్ సే బోలో నా అంటుంది. ప్రేమగానే చెప్పానమ్మా, నా ప్రేమ ఇలాగే ఉంటుంది, ప్లాంటులో బొగ్గు కాల్చే కోకోవెన్ బట్టీల మీద ఇరవై ఏడేళ్లు అరుచుకుంటూ పనిచేసినవాడి ప్రేమ.

"మాస్టారూ, ఎడం చెయ్యి దొంగ చెయ్యండీ, మళ్లీ లేస్తన్నాది సూడండి!" పైనుంచి వాడి గొంతు. మళ్లీ ఆ బుస్సుమనే నవ్వు.

మాస్టారూ అంటున్నాడు దాన్ని. టైలర్ మాస్టారూ. నాకు తట్టలేదు ఆ మాట. చెయ్యి పోయిన దగ్గర్నుంచి ఈ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ పాపం చిన్నమ్మలు అన్నారు, నేనూ అన్నాను, దాని ముందే అన్నాను. టైలర్ మాస్టారూ అని పిలవాలని ఎవరికీ తోచలేదు, వాడికి తోచింది. ఎప్పుడూ వాడికే తోస్తుంది. తెలుగు బడిలో నేనూ వాడూ ఒకే బెంచీ, ఏడో క్లాసు. మా నాన్న రైల్వే గ్యాంగుమన్, ఊపిరి జబ్బుతో మంచం పట్టాడు, ఈ అప్పలసూరి చదువు అక్కడితో సరి. నా లెక్కల పుస్తకం, జామెట్రీ బాక్సు పరంజ్యోతికి ఇచ్చేశాను, వాడే అడిగాడు, నువ్వు ఎలాగూ రావు కదరా అన్నాడు, తప్పు కూడా కాదు, నిజమే అన్నాడు. అట్ట మీద నా పేరు కొట్టేసి వాడి పేరు రాసుకున్నాడు. ఆ లెక్కలతోనే వాడు ఐ.టి.ఐ. పాసయ్యాడు, పర్మినెంటయ్యాడు, టైమాఫీసులో ఫ్యాను కింద కూర్చుని మిగతావాళ్లు ఎన్ని గంటలకి వచ్చారో రాసుకున్నాడు. నేను అదే గేట్లోంచి కాంట్రాక్టు లేబరు పాసుతో పోయి, బట్టీల నెత్తిన, మామూలు చెప్పులు కరిగిపోతాయని చెక్క అడుగుల చెప్పులేసుకుని నిలబడ్డాను. గేటు దగ్గర కనబడితే స్కూటరాపి, సూరీ ఎక్కరా అనేవాడు. నేను ఎక్కేవాణ్ణి కాదు. సైకిలుందిరా అనేవాణ్ణి. ఒక్కసారి కూడా వాడు నన్ను చిన్నబుచ్చలేదు, అదే నాకు మింగుడు పడనిది. చెడ్డవాడైతే ఎంత హాయిగా ఉండేది.

పెళ్లయిన కొత్తలో, నెల కూడా కాలేదు, అన్నం వడ్డిస్తూ చిన్నమ్మలు అంది, మా సందు చివర జ్యోతన్న లేడూ, భలే నవ్విస్తాడు బావా. అంతే అంది. మా మేనమామ కూతురది, వాళ్ల సందులోనే వాడి ఇల్లు, చిన్నప్పట్నుంచీ చూసినవాడు, నవ్వించాడు, అందులో ఏముంది? ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని నేను ముప్పై ఏళ్లు దాచుకున్నాను. ఏడాదికోసారైనా తీసి చూసుకుంటాను. అన్న అని పిలిచినంత మాత్రాన అన్నయిపోతాడా అని అడుగుతాను నన్ను నేనే. వాడి పెళ్లాం రజనీకుమారి పోయినప్పుడు చిన్నమ్మలు పదకొండు రోజులు వాడికి క్యారేజీ పంపింది, మోసుకెళ్లింది నేనే, దారిలో ఆగి మూత తీసి చూశాను, గుత్తొంకాయ కూర, మా ఇంట్లో ఆరోజు పప్పుచారు. చావింటికి పోయే క్యారేజీ మూత తీసి చూసినవాణ్ణి నేను. ఎవరికీ చెప్పలేదు ఇది.

మళ్లీ గంట. ఇందాకటి గంటకీ దీనికీ మధ్య ఎంతసేపు? పది నిమిషాలు, పదకొండు. ఆ లెక్క నా ఒంటికి తెలిసిందే. తలెత్తి చూశాను, మెట్ల మీదినుంచి ఆకాశం కొంచెం కనబడుతుంది. డిసెంబరు ఆకాశం, ఉతికి ఆరేసినట్టు నీలంగా ఉంది, నలుసంత మబ్బు లేదు. మరి వీళ్లు ఏం చెరుపుతున్నారు? ఓరి పరంజ్యోతీ. ప్లాంటు మబ్బురా అది. కోకోవెన్‌లో పద్దెనిమిది గంటలు ఉడికి కోకు అయిన బొగ్గుని ఎర్రగా నిప్పులా బండిలోకి తోస్తారు, ఆ బండి టవరు కిందికి పోతుంది, పైనుంచి నీళ్లు వదులుతారు, నిమిషమున్నర, తెల్లటి ఆవిరి ఏనుగులా లేస్తుంది, ప్రహరీగోడ మీదుగా ఖుర్సీపార్ అంతటికీ కనబడుతుంది, రెండు మూడు నిమిషాల్లో గాలిలో కలిసిపోతుంది. మళ్లీ పది పన్నెండు నిమిషాలకి ఇంకో బట్టీ, ఇంకో ఏనుగు. ఇక్కడ పుట్టిన పిల్లలకి మబ్బంటే అదే, బళ్లో బొమ్మ గియ్యమంటే మబ్బు కింద పొగగొట్టం గీస్తారు. పెద్దవాళ్లం మేమూ ప్లాంటు మబ్బు అనే అంటాం. టైమాఫీసు కిటికీ అటువైపు ఉండదు కాబట్టి అది దేంతో లేస్తుందో, ఎందుకు పోతుందో వాడికి తెలియదు. నాకు తెలుసు. ఆ ఏనుగుల్ని పుట్టించినవాళ్లలో నేనొకణ్ణి, ఇరవై ఏడేళ్లలో ఎన్ని లేపి ఉంటాను, ఒక్కదానికీ ఎవరూ గంట కొట్టలేదు. వాడొచ్చి వాటిని చెరిపితే మాత్రం నా పెళ్లాం నవ్వుతోంది.

పైకి పోయి చెప్పెయ్యనా? అది ఆవిరే పిచ్చిదానా, ఎవరు రుద్దినా రుద్దకపోయినా పోతుంది, అని. చెబితే నవ్వు ఆగుతుంది. నవ్వు ఆగితే వేలు కూడా ఆగుతుంది. బంతి నొక్కనిది, స్పూను పట్టనిది, వాడు ఫోను పట్టుకుంటే కుడివేలు కదుపుతోంది, ఆ రుద్దుడు ఏ వేలితో అయి ఉంటుందో ఇక్కడినుంచే నాకు తెలుసు, దొంగ చెయ్యి అన్నాడు కదా ఎడం చేతిని. మూడు నెలల్లో ఒక్కరోజు మిగిలి ఉంది, వేలు కదులుతోంది. ఇక నేను చెయ్యాల్సిందేమిటి? చప్పుడు చెయ్యకుండా కిందికి దిగి టీ పెట్టాలి. పెట్టగలిగితే నేను అప్పలసూరిని ఎందుకవుతాను? దాని చెయ్యి బాగుపడాలి, కానీ వాడి వల్ల బాగుపడకూడదు. ఈ మాట నాలో నేను అనుకున్నాక మెట్టు మీద కూర్చున్నాను. ఇనుము చల్లదనం పంట్లాంలోంచి ఎక్కింది. ఇలాంటి మనిషినా ఇన్నాళ్లూ నేను? ఇలాంటి మనిషినే. కూర్చునే ఉన్నాను, అలా కూర్చునే రెండో ఆలోచన చేశాను, అది మొదటిదానికంటే నీచమైంది, చల్లగా, తీరికగా వచ్చింది. కోకు మబ్బుకి ఎడమపక్కన కూలింగ్ టవర్ల దగ్గర ఇంకో మబ్బుంటుంది. చిన్నది, కుదురుగా ఉంటుంది, పెద్దదాని పక్కన ఎవరి కంటా పడదు. తూర్పుకి కొంచెం ఒరిగి, ఎప్పుడూ ఒకేచోట. రాత్రీ పగలూ నీళ్లు చల్లారుతూనే ఉంటాయి కాబట్టి అది పోదు. చలికాలం అసలే పోదు. దాన్ని చెరపమంటాను. వాడి ఫోను సంగతి, వాడి ముసలాయన టోపీ సంగతి అప్పుడు చూద్దాం.

పైకి వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలో చిన్నమ్మలు, శాలువా కప్పుకుని. ఎదురుగా బోర్లించిన బకెట్టు మీద పరంజ్యోతి, ఫోను రెండు చేతులతో అద్దంలా దాని ముందు పట్టుకుని. ఎడం చెయ్యి కుర్చీ చేతికి మఫ్లరుతో కట్టేసి ఉంది. వాడి మఫ్లరు. ఆ ఊదారంగు గళ్లది నాకు బాగా తెలుసు.

"వచ్చినావా బావా! సూడు, నాలుగు సెరిపినాను!" మూడు నెలల తర్వాత ఆ మొహంలో రంగుంది.

"రారా సూరీ, కూకో. మాస్టారు ఇయ్యాల ఆకాశం మొత్తం ఉతికి పారేసింది."

"ఎలగెక్కినావే పైకి?" అన్నాను. నా కళ్లు మఫ్లరు మీదే ఉన్నాయి.

"కూకోని కూకోని ఎక్కినాను, ఎనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ. అన్న కిందని నిలబడి లెక్కెట్టినాడు. సెయ్యేస్తానంటే వద్దన్నాను."

ఆ మాట విని నాకు సిగ్గేసి ఉండాలి. వెయ్యలేదు. చెయ్యి వెయ్యనివ్వలేదు సరే, లెక్కపెట్టమని వాణ్ణి పెట్టుకుంది కదా, పదిహేడు లెక్కపెట్టడం నాకూ వచ్చు, ఆ మాత్రం చదువు నాకూ ఉంది. నవ్వు మొహం పెట్టుకున్నాను. "ఇలగొచ్చి అలగ పోయేవి ఎవులైనా సెరుపుతారు. దమ్ముంటే అది సెరుపు సూద్దాం. అదిగో, గోడకి ఎడంపక్క, కదలకుండా కూకున్నాది సూడు."

పరంజ్యోతి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "అరే, ఇది ఎప్పుడొచ్చింది యార్! చల్ మాస్టారూ, చాలెంజ్!"

ఫోను తిప్పాడు. చిన్నమ్మలు వేలు పెట్టింది. దాని కుడిచెయ్యి కదలడం నేను మొదటిసారి చూశాను. వేలు కాదు, భుజం. భుజంతో చెయ్యంతా ఎత్తి, చీపురుతో నేల ఊడ్చినట్టు అటూ ఇటూ ఈడుస్తోంది, వేలు దాని చివర కర్రలా బిగుసుకుని ఉంది. తెరమీద మబ్బు పలచబడింది. పైన ఉన్నది అలాగే ఉంది. రెండు నిమిషాలు. అయిదు నిమిషాలు. కుడివైపున కోకు మబ్బు లేచింది, పెద్దది, బంగారం రంగు ఎండ పడి. లేచి, విచ్చుకుని, ఎవరూ రుద్దకుండానే పోయింది.

"మాస్టారూ, అదొగ్గేసి ఇటుపక్కకి రావలసింది, భలే లడ్డూలాంటిది పోయింది," అన్నాడు వాడు.

"ఉండన్నా. బావ సెప్పినాడు కదా. పోతాదిది."

"ఏరా జ్యోతీ, ఫోను సెడిపోయిందేటి?" అన్నాను నేను. ఎంత తియ్యగా ఉందో ఆ మాట నా నోట్లో. వాడు నిజంగానే ఫోను వెనక్కి తిప్పి కెమెరాని చొక్కాతో తుడిచాడు, ఊదాడు, మళ్లీ పట్టుకున్నాడు. వాడి మొహంలో మొదటిసారి ఒక తెలియనితనం చూశాను, లెక్క తప్పిన క్లర్కు మొహం. పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాను. ఈ ఘడియ కోసం ఎన్నేళ్లు చూశానో నాకే తెలియదు, చూస్తున్నానని కూడా తెలియదు. పది నిమిషాలు. నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. చిన్నమ్మలు కింది పెదవి కొరుక్కుంటోంది, చలిలో నుదుటి మీద చెమట పట్టింది, శాలువా జారిపోయింది, ఎవరూ సర్దలేదు. పావుగంట. సరేలెండి మాస్టారూ, ఆపెయ్యండి అని పరంజ్యోతి అంటాడేమో, అంటే వాడు ఓడిపోయినట్టు అనుకుని వాడినే చూస్తున్నాను, వాడు అనలేదు, వాడు దాని చేతిని చూస్తున్నాడు. అప్పుడు నేనూ చూశాను.

భుజం అలిసిపోయింది. ఎత్తలేక కిందికి వాలిపోయింది. మోచెయ్యి కుర్చీ చేతి మీద ఆనింది. అయినా తెరమీద రుద్దుడు ఆగలేదు, ఎందుకంటే ఇప్పుడు రుద్దుతున్నది వేలు. ఒట్టి చూపుడువేలు. రెండో కణుపు దగ్గర వంగుతోంది, విప్పుకుంటోంది, వంగుతోంది, చీమ నడిచినంత దూరం, మళ్లీ చీమ నడిచినంత దూరం. వెనకాల బొటనవేలు కూడా ఉలిక్కిపడినట్టు కొట్టుకుంటోంది, సుద్దముక్కని వెతుక్కుంటున్నట్టు. మూడు నెలలుగా నేను తిట్టి, బతిమాలి, బంతి చేతిలో కుక్కి చూడాలనుకున్నది అదే. పరంజ్యోతీ నేనూ ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. వాడి కళ్లలో నీళ్లున్నాయి. నా వాటిలో ఏముందో నాకు తెలియదు.

అయిదుంపావుకి వాడు లేవాల్సొచ్చింది. చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు, వాడు లేకపోతే కింది గొంతు పాడేవాళ్లు లేరట. "ఫోను నువ్వట్టుకోరా సూరీ. పనయ్యాక తెచ్చియ్యి, నాకు తొందర్లేదు. కదపకు, కదిపితే మొదటికొస్తాది," అని నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు, గేటు చప్పుడు. బకెట్టు మీద నేను కూర్చున్నాను. ఇంత దగ్గరగా దాని మొహం చూసి ఎన్నాళ్లయింది? గాజుకి ఇటువైపు ఎప్పుడూ సన్నగా వణికే నా వేళ్లు, అటువైపు దానిది. ప్రొద్దు దిగిపోతోంది. కూలింగ్ టవరు మబ్బు అంచు ఎర్రగా ఉంది, నిక్షేపంగా ఉంది. ఇంకా ఎంతసేపు రుద్దుతుంది ఇది? ఆపమంటే వేలు పోతుంది. ఆపమనకపోతే నేను పోతాను.

"అది పోదే," అన్నాను.

వేలు ఆగలేదు. "ఏటి పోదు?"

"అది మబ్బు కాదు. కూలింగ్ టవరు ఆవిరి. పొద్దుటిదాకా రుద్దినా అలగే ఉంటాది."

"మరిందాకా పోయినవేటి?"

"అవీ మబ్బులు కావు. కోకు మీద నీళ్లు పోస్తే లేస్తాయి. ఎవులూ రుద్దక్కర్లేదు, వాటంతటవే పోతాయి."

అప్పుడు ఆగింది. నావైపు తిరిగింది. ఆ చూపుకి నేను ఫోను దించేశాను.

"పోదని తెలిసే సెప్పినావా, ఇది సెరపమని?"

"ఊఁ."

"దేనికి?"

దేనికని చెప్పాలి? జామెట్రీ బాక్సు గురించి చెప్పాలా, క్యారేజీ మూత గురించి చెప్పాలా, స్కూటరు ఎక్కనందుకా, అన్నం వడ్డిస్తూ అన్న ఆ ఒక్క మాటకా? అవన్నీ నోటిదాకా వచ్చి అక్కడ ఒకదాన్నొకటి తోసుకున్నాయి, బయటపడ్డది మాత్రం వేరే.

"నువ్వు నవ్వినావు," అన్నాను.

కొట్టింది. ఎడం చెయ్యి మఫ్లరులో ఉంది కాబట్టి, కోపంలో చూసుకోలేదు కాబట్టి, కుడిచేత్తో కొట్టింది. ఆ చెయ్యి ఒళ్లోంచి లేచి, గాలిలో ఊగి, నా గుండె మీద తడిగుడ్డలా పడింది. పడ్డాక జారలేదు. వేళ్లు చొక్కా గుడ్డని పట్టుకుని ఉన్నాయి, గట్టిగా కాదు, పాత గుడ్డ ఏ రకమో చూసినట్టు. మేమిద్దరం దానివైపు చూశాం. అది తన చేతిని చూసింది, నేను నా చొక్కాని చూశాను. ఊపిరి తియ్యడానికి భయమేసింది, తీస్తే ఊడిపోతుందేమోనని.

"సిగ్గులేని మనిషివి బావా నువ్వు," అంది చివరికి, మెల్లగా, ఆ వేళ్ల మీదినుంచి కళ్లు తియ్యకుండా. "అన్నుంటే నాకు నవ్వొస్తాది. నువ్వుంటే ఒళ్లు మండుతాది. నవ్వొస్తే మెట్లెక్కినాను. ఒళ్లు మండితే ఇది లేసింది. నాకు రెండూ కావాల. రేపు ఇద్దరూ ఉండండి. ఎల్లు, ఎల్లి సెప్పు అన్నకి."

"నాను సెప్పాలా?"

"మరెవులు సెప్తారు? నువ్వే."

దాన్ని కిందికి దించడానికి అరగంట పట్టింది, కూర్చుని కూర్చుని, ఒక్కో మెట్టూ. నేను కింద నిలబడి లెక్కపెట్టాను. పడుకోబెట్టి, అన్నం కలిపి పెట్టి, చర్చి దాకా నడిచాను. దారంతా నాలుక కింద ఆ నాలుగు మాటలూ గులకరాళ్లలా తిప్పుకుంటూ నడిచాను. ఫోను గేటు మీద పెట్టి వచ్చెయ్యొచ్చు. వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చెయ్యొచ్చు. రేపు నువ్వు రానక్కర్లేదంట అని కూడా చెప్పొచ్చు, వాడు నమ్ముతాడు, వాడు ఏదైనా నమ్ముతాడు, వాడికున్న సుఖమే అది. లోపల పాట ఆగింది, కిటికీలోంచి నన్ను చూసి వాడే బయటికొచ్చాడు, చేతిలో పాటల కాగితం, చలికి మెడ చుట్టూ ఏమీ లేదు.

"పోయిందేట్రా మబ్బు?"

"పోలేదు." ఫోను ఇచ్చాను. వాడు జేబులో పెట్టుకున్నాడు. లోపలినుంచి ఎవరో వాణ్ణి పిలిచారు. వాడు కదలలేదు, నా మొహంలో ఏదో ఉందని ఆగాడు. ఏడో క్లాసులో కూడా ఇలాగే ఆగాడు, నేను బడి వదిలేస్తున్నానని చెప్పడానికి వచ్చిన రోజు.

"చొక్కా పట్టుకుందిరా," అన్నాను. "కుడిచేత్తో."

వాడు నోరు తెరిచి ఏదో అనబోయాడు. వాడు సంతోషపడ్డం చూడ్డానికి నేను రాలేదు, చూస్తే మాట రాదని తెలుసు, అందుకే అడ్డుపడి చెప్పేశాను.

"రేపు నాలుగింటికి మళ్లీ రా. నువ్వొస్తేనే అది నవ్వుతాది." చెప్పాక ఇంకా ఏదో మిగిలిపోయినట్టు అనిపించింది, అది కూడా అనేశాను. "ఫోను మాత్రం నానట్టుకుంటాను."

"నీ చేతులు వణుకుతాయి కదరా సూరీ," అన్నాడు వాడు, జాలిగా, మామూలుగా.

"వణకనీ," అన్నాను.